నాలుగో గడి

ప్రెస్సులో ఆవిడని అందరూ భూతద్దం అనేవాళ్ళు. ముందు చాటుగా అన్నారు, తర్వాత మొహం మీదే అన్నారు, చివరికి ఆవిడే ఫోన్ తీసి "నేను, భూతద్దాన్ని" అనడం మొదలుపెట్టింది. ఇంట్లో మొగుడు కూడా అప్పుడప్పుడు అలాగే పిలిచి నాలిక్కరుచుకునేవాడు. మెళ్ళో నల్లతాడుకి ఎప్పుడూ ఒక భూతద్దం వేలాడుతూ ఉండేది కాబట్టి ఆ పేరు వచ్చిందని కొత్తవాళ్ళు అనుకునేవాళ్ళు. కాదు. అది లేకపోయినా ఆవిడ భూతద్దమే. ఎవరైనా పెళ్ళి కార్డు తెచ్చి ఇస్తే, తేదీకి వారం సరిపోయిందో లేదో క్యాలెండరు తీసి చూశాకే సంతోషించేది. ఒకసారి నిజంగానే సరిపోలేదు. పాపం ఆ పెళ్ళికొడుకు తండ్రి నాలుగొందల కార్డులు వెనక్కి తెప్పించుకున్నాడు. ఆ తర్వాత ఆ ఇంట్లోవాళ్ళు ఈవిడతో మాట్లాడ్డం మానేశారనుకోండి, అది వేరే సంగతి.

వైను సీసాల మీద అంటించే లేబుళ్ళు వేసే ప్రెస్సు అది. ఇరవయ్యారేళ్ళుగా కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని, స్టీలు స్కేలు వరస కింద పెట్టి జరుపుకుంటూ, ఆవిడ ప్రూఫులు చదివింది. 'పండిన చెర్రీల పరిమళం, చివర్లో కొంచెం మిరియం ఘాటు, ఓక్ పీపాలో పద్దెనిమిది నెలలు' అని ఎన్ని వేల సీసాల గురించి చదివిందో ఆవిడకే తెలీదు. ఒక్క సీసా రుచి చూసిన పాపాన పోలేదు.

ఆ ప్రెస్సులో ఒక కట్టుబాటు ఉండేది. ప్రతి ప్రూఫు షీటు అడుగున నాలుగు గళ్ళు కొట్టి ఉండేవి. మొదటి గడి మిషను నడిపేవాడిది, రెండోది కటింగ్ చేసేవాడిది, మూడోది రంగులు కలిపే ఆవిడది, నాలుగోది ప్రూఫు చదివేవాళ్ళది. నాలుగో గడిలో సంతకం పడితేగానీ మిషను తిరగదు. యజమాని వచ్చి నెత్తీ నోరూ కొట్టుకున్నా తిరగదు. అంటే మొత్తం ప్రెస్సు చివరికి వచ్చి భూతద్దం పెన్ను దగ్గర ఆగేదన్నమాట. ఆ ఆగడం ఆవిడకి ఇష్టంగా ఉండేదని కొందరు అనేవాళ్ళు. ఇష్టం కాదు, భయం. ఎందుకు భయమో చెప్తాను.

మిగతా మూడు గళ్ళవాళ్ళ గురించి ముందు చెప్పాలి. మిషను నడిపే ఆయన్ని అందరూ బాబాయి అనేవాళ్ళు. పాతికేళ్ళకే జుట్టంతా ఊడిపోవడంతో తనకన్నా పెద్దవాళ్ళకి కూడా ఆయన బాబాయే అయిపోయాడు. మిషను చప్పుడులో బతికి బతికి, ఆసుపత్రిలో కూడా అరిచే మాట్లాడేవాడు. కటింగ్ చేసే అతను అందరిలోకీ చిన్న, అందుకని తమ్ముడు. నలభై ఆరేళ్ళ తమ్ముడు. ఇక రంగులు కలిపేది రంగులక్క. భూతద్దం కన్నా నాలుగేళ్ళు పెద్ద. గాజుపలక మీద వెడల్పు కత్తితో ఇంకులు మెదుపుతూ, పసుపులో ఎరుపు, ఎరుపులో చిటికెడు నలుపు, కళ్ళు చికిలించి చూసి "ఊఁ, వచ్చింది" అనేది. తూకం యంత్రం కొనిచ్చారు ఒకసారి. దాని మీద టీ గ్లాసు పెట్టుకునేది.

ఇరవయ్యేళ్ళ కింద ఒకసారి భూతద్దం నాలుగో గడిలో సంతకం పెట్టిన లేబులు మీద పంట సంవత్సరం తప్పు పడింది. నలభై వేల లేబుళ్ళు. అవి సీసాలకి అంటుకున్నాయి, పెట్టెల్లోకి వెళ్ళాయి, లారీ ఎక్కాయి, అప్పుడు చూశారు. యజమాని గదిలోకి పిలిచి, రేపట్నించి రావద్దన్నాడు. ఆవిడ గోడ పట్టుకుని నిలబడింది. అప్పుడు రంగులక్క చేతులకి ఇంకు తుడుచుకోకుండానే లోపలికొచ్చింది. "షీటు మీద నాలుగు సంతకాలున్నాయి సార్. తీసేస్తే నలుగుర్నీ తీసెయ్యండి. రంగులు మీరే కలుపుకోండి" అంది. యజమాని తన మాట వెనక్కి తీసుకున్నాడు. బయటికొచ్చాక రంగులక్క ఒక్కటే మాట అంది: "ఏడవకు, అద్దం మీద చెమ్మ పడుతుంది." ఆ రోజు నుంచి భూతద్దం ప్రతి షీటూ మూడుసార్లు చదివేది. రంగులక్క సొంత కాగితం ఏదైనా చేతికొస్తే నాలుగుసార్లు.

ఆ ప్రెస్సుకి అన్నం పెట్టినది ఒక కొండ లేబులు. ఏటవాలుగా ద్రాక్ష వరసలు, చలికాలం ముందు ఆకు పసుపూ ఎరుపూ తిరిగిన రోజుల్లో కొండ, నీలం తలుపున్న చిన్న తెల్లిల్లు. ఇరవై రెండేళ్ళుగా అదే బొమ్మ. ఆ రంగు కలిపింది రంగులక్కే. తోటవాళ్ళు మొదట్లో ఒక ఫోటో తెచ్చి ఇచ్చారు, దాన్ని చూసి కలిపింది. దాని మీద ఆమెకి ఒక అనుమానం, ఇరవై రెండేళ్ళ అనుమానం. భోజనాల గదిలో డబ్బా మూత తీస్తూ ఎన్నిసార్లు అందో:

"ఆ ఫోటో ఎవరింట్లోనో ఎండ తగిలే గోడకి వేలాడిందే. వెలిసిపోయిందేమోనని నా అనుమానం. ఆ కొండని ఒక్కసారి కళ్ళారా చూశాననుకో, నేను కలిపింది సరో కాదో తేలిపోతుంది. అంతే. ఇంకేం అక్కర్లేదు నాకు."

"నాకు వైను కూడా కావాలి" అనేవాడు బాబాయి, గది అదిరేలా.

వెళ్దాం వెళ్దాం అని అనుకుంటూనే ఉన్నారు. పిల్లల చదువులన్నారు, పెళ్ళిళ్ళన్నారు, ఆర్డర్లన్నారు. ద్రాక్షతోటలు బస్సులో ఆరుగంటల దూరం. ఆరుగంటల దూరం అనేసరికి మనిషికి ఎప్పుడైనా వెళ్ళొచ్చులే అనిపిస్తుంది.

తర్వాత రంగులక్క మోచేతికి డబ్బాలు తగిలి పడిపోవడం మొదలైంది. ముప్ఫై ఏళ్ళుగా ఏ డబ్బా ఎక్కడుందో కళ్ళు మూసుకుని తీసే మనిషి, పక్కనే ఉన్న డబ్బాని తన్నేసి, నేలంతా ఊదారంగు చేసి, "ఎవరు పెట్టారిక్కడ?" అని అరిచింది. ఎవరూ పెట్టలేదు, అది అక్కడే ఉంది. కూతురు కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. కంటి నరం ఎండిపోతోందన్నాడు. చూపు అంచుల్నించి లోపలికి మూసుకుంటూ వస్తోంది, పోయింది తిరిగిరాదు, ఉన్నది మహా అయితే ఏడాది. మర్నాడు పనిలోకొచ్చి, భోజనాల గదిలో కుర్చీ తడుముకుని కూర్చుని, ముగ్గురికీ ఈ సంగతి చెప్పింది. చెప్పేటప్పుడు గొంతేం మారలేదు.

"ప్రస్తుతం గొట్టంలోంచి చూస్తున్నట్టుంది. మధ్యలో మాత్రం శుభ్రంగా కనపడుతోంది. కొండ పట్టడానికి ఆ మధ్య చాలు. ఈసారి ఆకు రంగు మారగానే వెళ్ళిపోదాం."

ఎవరూ పిల్లలనలేదు, ఆర్డర్లనలేదు.

ఏర్పాట్లు మొదలయ్యాయి. ఆ నెల్లాళ్ళూ వాళ్ళు నలుగురూ బడిపిల్లల్లా ఉన్నారు. బాబాయి ఒక సీసా కొనుక్కొచ్చి, అక్కడికెళ్ళి నవ్వులపాలు కాకూడదు, ముందే సాధన చెయ్యాలన్నాడు. సాయంత్రం మిషన్లు ఆగాక టీ గ్లాసుల్లో పోసుకున్నారు. భూతద్దం సీసా వెనక లేబులు పైకి చదువుతుంటే, మిగతా ముగ్గురూ ఒక్కో గుక్క తాగి వెతికారు.

"పండిన చెర్రీలు" అంది భూతద్దం.

"లేవు" అన్నాడు తమ్ముడు.

"కొంచెం తోలు వాసన."

"అది నా చెప్పులదై ఉంటుంది" అన్నాడు బాబాయి. "నాకు అసలు ద్రాక్ష రుచే రావట్లేదు తల్లీ. ఇరవై రెండేళ్ళుగా మనం జనానికి అబద్ధాలు అచ్చేసి పంచామా ఏంటి?"

రంగులక్క గ్లాసుని దీపానికెత్తి, మధ్యచూపుతో సూటిగా చూస్తూ, "రంగు మాత్రం బాగా కలిపారు" అంది. అందరూ కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వారు. భూతద్దం జీవితంలో తాగిన మొదటి వైను అదే. పుల్లగా ఉంది, కానీ ఆ సాయంత్రం అయిపోకూడదనిపించింది ఆవిడకి.

తమ్ముడు ఒక తుంటరి పని చేశాడు. ప్రయాణం వివరాలన్నీ మంచి లేబులు కాగితం మీద అచ్చేయించి, పైన కొండబొమ్మ వేసి, కింద నాలుగు గళ్ళు కొట్టి తెచ్చాడు. బయల్దేరే తేదీ, బస్సు, తోటలోనే రెండు గదులు, రెండు రాత్రులు, పీపాలుండే నేలమాళిగ, మర్నాడు పొద్దున కొండ. "ఇదిగో ప్రూఫు. సంతకాలు పెట్టండి, మిషను తిప్పేద్దాం" అన్నాడు. సరదాకే తెచ్చాడు. బాబాయి నవ్వుతూ గీకేశాడు, తమ్ముడూ తన గడి నింపాడు. రంగులక్క గడి ఎక్కడుందో వేలితో చూసుకుని పెట్టింది. షీటు నాలుగో గడి దగ్గరికొచ్చింది.

భూతద్దం భూతద్దం తీసింది.

నిజం చెప్పాలి, ఆవిడ పట్టుకున్న తప్పులు తప్పులే. వాళ్ళు రాసుకున్న బస్సు ఆ రోజు నడవదు. తమ్ముడు రెండో ప్రూఫు తెచ్చాడు. అందులో రాసిన గదులు మేడ మీదవి, మెట్లకి పట్టుకునే కమ్మీ లేదని ఫోన్ చేసి కనుక్కుంది. చూపు సరిగా లేని మనిషిని తీసుకెళ్తూ కమ్మీ లేని మెట్లా? మూడో ప్రూఫు. నేలమాళిగ చూపించే రోజు వీళ్ళు వెళ్ళే రోజు కాదు. నాలుగో ప్రూఫు. తమ్ముడి తలప్రాణం తోకకొచ్చింది, అయినా కిక్కురుమనలేదు. భూతద్దం చూసిందంటే ఇక ఢోకా లేదని అందరికీ నమ్మకం.

ముగ్గురూ మళ్ళీ సంతకాలు పెట్టిన నాలుగో ప్రూఫులో తప్పులేం లేవు. ఒక్క తేదీ దగ్గర ఆవిడ స్కేలు ఆగిపోయింది. ఆకు పూర్తిగా రంగు తిరిగేది ఆ రోజుకేనా? తోట ఆఫీసుకి ఫోన్ చేసింది. అక్కడి అమ్మాయి "ఈ వారాంతానికి బాగుంటుందండీ" అంది. మళ్ళీ చేసింది. ఈసారి తోటలో పనిచేసే పెద్దాయనెవరో తీశాడు. "ఇప్పుడు సగం సగం ఉందమ్మా. ఇంకో తొమ్మిది పది రోజులాగితే కొండ కొండంతా మండుతుంది" అన్నాడు. ఆ మాట ఆవిడ బుర్రలో జోరీగలా తిరిగింది. జీవితంలో ఒక్కసారి, ఒక్కరోజు చూడబోతోంది రంగులక్క. సగం రంగు చూపించి తీసుకొస్తే? ఆ సగం చూసి తన రంగు తప్పని అనుకుంటే? నలభై వేల లేబుళ్ళు తిరిగి అచ్చేశారు. ఈ చూపుని తిరిగి ఎవరచ్చేస్తారు?

ఇంట్లో మొగుడితో అంది. ఆయన ముప్ఫై ఆరేళ్ళు బస్సు కండక్టరుగా చేసి దిగిన మనిషి. కూరగాయలు తరుగుతూ విన్నాడు.

"నేను ఎక్కిన బస్సు ముప్ఫై ఆరేళ్ళలో ఒక్కరోజు టైంటేబుల్ ప్రకారం నడవలేదు. అయినా జనం వెళ్ళాల్సిన చోటికి వెళ్ళారే" అన్నాడు.

"మీ బస్సుకేం, రోజూ ఉంటుంది."

"అందుకే చెప్తున్నా. రోజూ ఉండని బస్సు కనపడితే ముందు ఎక్కెయ్యాలి. టికెట్టు లోపల కొట్టించుకోవచ్చు."

ఆవిడ వినలేదు. ఆవిడ వినే మనిషైతే ఈ కథే లేదు.

మర్నాడు రంగులక్క గోడ పట్టుకుంటూ కిటికీ బల్ల దగ్గరికొచ్చింది. షీటు ఆవిడ ముందే ఉంది, మూడు గళ్ళు నిండి.

"పెట్టవే సంతకం."

"తొమ్మిది రోజులాగుదామక్కా. అక్కడ పెద్దాయన చెప్పాడు, ఇప్పుడు సగమేనట."

"సగమైనా చాలు నాకు. మిగతా సగం నేను మనసులో కలుపుకుంటాను."

"సగం రంగుని నువ్వెప్పుడైనా పాస్ చేశావా? నీ చేత్తో నువ్వు?"

చెయ్యలేదు, నిజమే. రంగులక్క బల్ల అంచు పట్టుకుని, భూతద్దం భుజం తడిమి, "సరేలే, నువ్వు చూశావుగా" అని వెళ్ళిపోయింది. ఆ మాట అప్పుడు భూతద్దానికి గర్వంగా అనిపించింది. పెన్నుతో పాత తేదీ కొట్టేసి, తొమ్మిది రోజుల తర్వాతి తేదీ పక్కన రాసింది. ఇంకోసారి ఫోన్ చేసి గదులు ఖాయం చేసుకున్నాక సంతకం పెడదామని గడి ఖాళీగా వదిలింది.

ఆరో రోజున గాలి మొదలైంది. ఊళ్ళో కిటికీ రెక్కలు కొట్టుకున్నాయి, కొంచెం వాన. ఊళ్ళో అంతే. తోట ఆఫీసు అమ్మాయి ఎనిమిదో రోజు పొద్దున ఫోన్ చేసింది. రెండు రోజులు ఆపకుండా కొట్టిందట. "ఆకంతా రాలిపోయిందండీ, ఒక్కటి లేదు. వైను మాత్రం ఉంది, వస్తానంటే రండి."

భూతద్దం ఫోన్ పెట్టి, లేవబోయి మళ్ళీ కూర్చుంది. ముగ్గురికీ ఆవిడే చెప్పాలి. వెళ్ళి చెప్పింది. మిషను ఆపి విన్న బాబాయి, జీవితంలో మొదటిసారి మెల్లిగా మాట్లాడాడు.

"ఎందుకమ్మా నీకంత పట్టుదల? పోయిన వారం వెళ్ళుంటే ఏం పోయేది? కొండ ఉండేది, కళ్ళుండేవి."

"బాబాయ్" అంది రంగులక్క. "ఊరుకో. మోడులు చూడ్డానికి అంతదూరం ఎందుకు, వచ్చే ఏడు వెళ్దాం." తర్వాత షీటు అడిగి తీసుకుంది. భూతద్దం ఇవ్వలేక ఇచ్చింది. దాన్ని నాలుగు మడతలు పెట్టి చేతిసంచిలో వేసుకుంది రంగులక్క. ఆ సాయంత్రం భూతద్దం ఇంటికెళ్ళి, వంటగదిలో నేల మీద కూర్చుని ఏడ్చింది. మొగుడు బస్సు మాట ఎత్తలేదు. మంచివాడు కాబట్టి ఎత్తలేదు. ఎత్తుంటే ఆవిడకి కొంచెం తేలికగా ఉండేది.

ఆ ఏడాది మధ్యచూపు కూడా మూసుకుంది. మొదట రంగుల మధ్య తేడాలు పోయాయి. చలి తగ్గేసరికి రంగులక్క పని మానేసింది. ఆమె బల్ల దగ్గర తూకం యంత్రం కడిగి పెట్టారు, కొత్తగా వచ్చినామె దానితో తూచే కలుపుతుంది. వేసవి అయిపోయేసరికి కిటికీ ఎటుందో మాత్రం వెలుగుని బట్టి చెప్పగలిగేది. వానలప్పుడు అదీ పోయింది. భూతద్దం ప్రతి ఆదివారం వాళ్ళింటికెళ్ళేది. చీరల బీరువా సర్ది, ఏ చీర ఏ అరలో ఉందో చెప్పేది. తప్పు జరక్కుండా మూడుసార్లు చెప్పేది. రంగులక్క ఏనాడూ ఆ తేదీ మాట ఎత్తలేదు. ఒక్క మాట అంటే కాళ్ళ మీద పడదామని భూతద్దం ఏడాదంతా కాచుకుని కూర్చుంది.

చలి మళ్ళీ మొదలవుతుండగా రంగులక్కే అందరికీ ఫోన్ చేసింది.

"వెళ్దాం. నేను చూడకపోతే మీరు చూస్తారు. మీరూ ఎప్పుడూ చూడలేదుగా. బాబాయి ఎలాగూ తాగుతాడు."

ఈసారి తమ్ముడు షీటు వెయ్యలేదు. "ఊరికే వెళ్దాం అక్కా" అన్నాడు భూతద్దంతో, నేల చూస్తూ. ఆవిడ తలూపింది. ఏ రోజు అని అడిగితే వచ్చే శనివారం అన్నారు, సరే అంది. ఎవరికీ ఫోన్ చెయ్యలేదు.

బస్సు గంటన్నర ఆలస్యంగా వచ్చింది. గదులు మేడ మీదవే ఇచ్చారు. మెట్లకి కమ్మీ లేదు. బాబాయి ముందు, తమ్ముడు వెనక నడిచి రంగులక్కని ఎక్కించారు, ఒక్క మెట్టు తడబడలేదు ఆమె. నేలమాళిగ ఆ రోజు మూసి ఉండాలి, ఎందుకో తెరిచే ఉంది. పీపాల మధ్య చల్లగా, పుల్లటి వాసనగా ఉంది. చిన్న చిన్న గ్లాసుల్లో పోసి ఇచ్చారు. రంగులక్క గుక్క నోట్లో ఉంచుకుని చాలాసేపు మింగలేదు.

"ఇదిగోనర్రా, చెర్రీ" అంది.

"ఎక్కడ?" అని అరిచాడు బాబాయి. పీపాలన్నీ మోగాయి.

"చివర్లో. ఆగు, మింగెయ్యకు. వచ్చింది చూడు."

బాబాయి మింగకుండా ఆగాడు. కాసేపయ్యాక కళ్ళు పెద్దవి చేసుకుని తల అడ్డంగా, నిలువుగా కూడా ఊపాడు. అందరూ నవ్వారు. భూతద్దం కూడా నవ్వింది గానీ మధ్యలో ఆపేసుకుంది, తనకి ఆ హక్కు లేదనిపించి.

మర్నాడు పొద్దున తెల్లిల్లు దాటి కొండ ఎదురుగా ఉన్న రాతి అరుగు దాకా నడిచారు. మంచు విడిపోయింది. తలుపు నీలంగా ఉంది, లేబులు మీద ఉన్నట్టే. బాబాయి, తమ్ముడు వరసల్లోకి దిగి వెళ్ళారు. అరుగు మీద వీళ్ళిద్దరూ మిగిలారు.

భూతద్దం తలెత్తి చూసింది. ఒక్క ఆకు రాలలేదు. ఒక్కటి పచ్చగా మిగల్లేదు. పెద్దాయన ఫోన్లో అన్న మాట నిజమే, కొండ కొండంతా మండుతోంది. ఆవిడ జీవితంలో ఎప్పుడూ అంత తప్పులేని దాన్ని చూడలేదు.

"వచ్చిందా రంగు?" అంది రంగులక్క.

"వచ్చిందక్కా."

"పూర్తిగా?"

"పూర్తిగా."

రంగులక్క సంచి తెరిచి, లోపల తడిమి, నాలుగు మడతల కాగితం తీసింది. మడతలు అరిగిపోయాయి. పోయినేటి షీటు. "పైన కొండబొమ్మ ఉందిగా. నేను కలిపిందే. దాన్ని ఎదురుగా పెట్టుకుని చూసి చెప్పు. అద్దం తెచ్చావా?"

"మెళ్ళోనే ఉంది."

"అయితే నీ పని నువ్వు చెయ్యి."

భూతద్దం షీటు విప్పి, చెయ్యి చాచి, కొండ పక్కన పట్టుకుంది. అద్దం అక్కర్లేదు, గుడ్డివాడికి తప్ప అందరికీ తెలుస్తుంది అనుకుని, ఆ మాట తన మనసులో పుట్టినందుకే సిగ్గుపడింది. బొమ్మ మీది కొండ కుంకుడు నురగలో ఉతికినట్టు వెలవెలబోతోంది. ఎరుపులో నలుపు ఎక్కువైంది. పసుపు అసలు ఆ పసుపే కాదు. ఫోటో ఎండకి వెలిసిపోయిందే. అనుమానం నిజమే. ఇరవై మూడేళ్ళూ లక్షల సీసాల మీద తప్పు కొండ వెళ్ళింది. రంగులక్క పోయినేడు వచ్చుంటే, సగం రంగులోనైనా సరే, ఆ గొట్టంలోంచి ఒక్క చూపు చూసి, "చూశావా, నేను చెప్పలేదూ" అని నవ్వి, ఇంటికెళ్ళి సరైన రంగు కలిపేది. అందుకు అప్పటికి ఆమెకి ఇంకా చూపుంది, నెలలున్నాయి. ఇప్పుడు ఏం చేసుకుంటుంది ఈ నిజాన్ని?

"ఏంటే, ఇంతసేపు?"

"చదువుతున్నా."

"ఎరుపు?"

"సరిపోయింది."

"పసుపు? అక్కడే నాకు అనుమానం."

"సరిపోయిందక్కా. ఎక్కడా తేడా లేదు."

రంగులక్క ఊపిరి వదిలింది. ఇరవై మూడేళ్ళ ఊపిరి అది. మొహం కొండవైపే ఉంది. "అయితే నాలుగో గడి నింపు. ఏడాదై ఖాళీగా ఉంది."

భూతద్దం షీటు మోకాలి మీద పెట్టుకుని పెన్ను తీసింది. మూడు గళ్ళలో మూడు సంతకాలున్నాయి, రంగులక్కది కాస్త వంకరగా. వాటి పైన, తను కొట్టేసిన తేదీ, పక్కన తను రాసిన తేదీ. రెండూ పోయినేటివే, ఈ రోజుకి రెండూ తప్పే. ఆవిడ దిద్దలేదు. సంతకం పెట్టింది. ఎంతసేపు పట్టిందని, రెండు క్షణాలు. పెన్ను మూత పెట్టేలోపే అయిపోయింది. పోయినేడు కిటికీ దగ్గర, గోడ పట్టుకుని వచ్చి ఈ మనిషి అడిగింది ఇంతే.

"ఎక్కడ పెట్టావో చూపించు" అంది రంగులక్క.

భూతద్దం ఆమె వేలు పట్టుకుని గడి మీద ఉంచింది. ఇంకు తడిగానే ఉంది, వేలికి అంటింది. రంగులక్క ఆ వేలిని బొటనవేలితో రాసి చూసుకుని, చీరకి తుడుచుకుని, షీటు మళ్ళీ నాలుగు మడతలు పెట్టి సంచిలో దాచుకుంది.

"నువ్వు పెట్టావంటే ఇక తప్పుండదు" అంది.

భూతద్దం ఏడుస్తోంది, చప్పుడు చెయ్యకుండా. కింద వరసల్లోంచి బాబాయి, ఆకులు ఎంత బాగున్నాయో రమ్మని ఇద్దర్నీ కేకేస్తున్నాడు.